బూటు కింద బుడిపెలు

వాన వెలిసిన సాయంత్రం విజయనగరం అయోధ్యా మైదానంలో బంతి తన్నే గుంటల్ని ఎప్పుడైనా చూశారా? బంతి ఒక పక్కకు పోతుంది, కుర్రాడు ఇంకో పక్కకు జారిపోతాడు. ఇంటికి వెళ్ళాక బురద బట్టలకు తల్లి పెట్టే చీవాట్లు వేరే! ఈ జారుడు పెద్ద పెద్ద జట్లనే తిప్పలు పెట్టింది.

1954 జూలై 4వ తేదీన స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో ప్రపంచ కప్పు ఆఖరి పోటీ జరిగింది. ఒకవైపు హంగరీ, నాలుగేళ్ళుగా ఓటమి ఎరగని జట్టు. రెండోవైపు పశ్చిమ జర్మనీ. రెండు వారాల కిందటే హంగరీ చేతిలో 8-3తో చిత్తుగా ఓడింది. ఆట మొదలై పది నిమిషాలు కాకుండానే హంగరీ రెండు గోల్స్ కొట్టేసింది. ఇంకేముంది, అయిపోయిందనుకున్నారు జనం.

కాని ఆ రోజు వాన. జర్మన్ల కాళ్ళకు ఉన్నవి అడిదాస్ బూట్లు. వాటిని తయారుచేసిన అడాల్ఫ్ డాస్లర్ స్వయంగా జట్టు వెంట వచ్చాడు. పాత రకం బూట్లకు అడుగున తోలు బుడిపెలను మేకులతో దిగగొట్టేవారు. ఎండైనా వానైనా అవే గతి. డాస్లర్ బూట్లకు మాత్రం బుడిపెల్ని మరలా తిప్పి బిగించవచ్చు, ఊడదీయవచ్చు. పొడి నేలకు పొట్టివి, బురదకు పొడుగువి. ఆ రోజు పొడుగువి బిగించారు. జర్మనీ 3-2తో కప్పు ఎగరేసుకుపోయింది. అంతా బూట్ల మహిమే అంటే నేనొప్పుకోను. ఆట ముగిసే ముందు రాన్ కొట్టిన గోలు బూటు ఒక్కటే కొట్టేది కాదు గదా! కాని బురదలో నిలబడనిదే ఎవరు మాత్రం ఏం తన్నగలరు?

ఈ డాస్లర్ ఇంటి కథ కూడా గమ్మత్తైనదే. అన్న రుడాల్ఫ్‌తో కలిసి ఒకే కార్ఖానాలో బూట్లు కుట్టించేవాడు. 1948లో తగవు పడి విడిపోయారు. తమ్ముడిది అడిదాస్, అన్నది ప్యూమా. ఒకే ఊళ్ళో ఎదురుబొదురు వ్యాపారాలు! మర బుడిపెలు ముందు మేమే పెట్టామని ప్యూమావారూ అంటారు. వాటాల పేచీలు మన ఊళ్ళకే పరిమితమనుకునేవారు ఇది గమనించాలి.

ఇక మన సంగతి. ఉత్తరాంధ్రలో ఆటలంటే విజయనగరం విజ్జీగారి క్రికెట్టు, కోడి రామమూర్తిగారి మల్లయుద్ధం గుర్తొస్తాయి. తెలుగునాట ఫుట్‌బాల్‌కు పుట్టిల్లు మాత్రం హైదరాబాదే. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన దేశపు జట్టులో ఎక్కువమంది వట్టి కాళ్ళతో ఆడారు. రెండు పెనాల్టీలు పోగొట్టుకుని కూడా ఫ్రాన్సుతో 2-1 దాకా వచ్చారు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. 1950లో మనవాళ్ళు ప్రపంచ కప్పుకు వెళ్ళకపోవడానికి బూట్లు లేకపోవడమే కారణమని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదని ఆనాటి నాయకుడు శైలేన్ మన్నా తరువాత చెప్పాడు.

నిజమైన దెబ్బ 1952లో తగిలింది. హెల్సింకీలో చలి, కాళ్ళకు బూట్లు లేవు. యుగొస్లావియా 10-1తో ఓడించింది. దానితో ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. వట్టి పాదానికి బంతి మీద ఉండే పట్టు బూటుకు అంత సులువుగా రాదు. అలవాటైన కాళ్ళకు కొత్త నడక నేర్పవలసి వచ్చింది. ఆ పని మీద వేసుకున్నవాడు హైదరాబాదు రహీం సాహెబు. వృత్తికి బడిపంతులు. 1956లో మెల్‌బోర్న్‌లో ఆయన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. మళ్ళీ యుగొస్లావియాయే ఎదురైంది. ఈసారి మొదటి గోలు మనదే, చివరికి 4-1తో ఓడినా.

ఆ జట్టులో సికిందరాబాదు దగ్గర అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. చిన్నప్పుడు కొత్త బూట్లు కొనే స్తోమతు లేక, పోలీసుల పాత బూట్లకు చెప్పులు కుట్టేవాడి చేత బుడిపెలు వేయించుకున్నాడని చెబుతారు. మరలూ లేవు, మూడు చారలూ లేవు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మన మీద 2-1తో గెలిచింది. మన పక్షాన పడిన ఆ ఒక్క గోలు బలరాందే.