పదిహేనా... పదిహేడా?
సెల్‌ఫోను పాఠాల్లో బొమ్మ వుంది, మాట లేదు! బాగుచేసే దారి వుంది

తెర మీద లెక్క కనిపిస్తోంది. మాస్టారి గొంతూ వినిపిస్తోంది. అంకె మాత్రం తెలియడం లేదు. ఆయన అన్నది పదిహేనా, పదిహేడా? పిల్లవాడు ఫోను చెవికి ఆనించుకుంటాడు. వెనక్కి జరిపి మళ్ళీ వింటాడు. మళ్ళీ అదే గుయ్యిమనే మోత. తరగతిలో అయితే లేచి నిలబడి "మళ్ళీ చెప్పండి సార్" అనవచ్చు. రికార్డు చేసిన పాఠాన్ని ఏమని అడుగుతాడు?

పదిహేనుకూ పదిహేడుకూ తేడా ఒక్క అక్షరమే. ఆ అక్షరం పోతే లెక్క మొత్తం తప్పుతుంది. పట్నంలో పిల్లవాడికి పాఠం అర్థం కాకపోతే ట్యూషను వుంది. పల్లెలో చాలామంది పిల్లలకు యింటి దగ్గర ఆ ఫోనే మాస్టారు.

2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతబడ్డాయి. తెలంగాణలో ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్ళలో పాఠాలు వచ్చాయి. మరోవైపు ఎందరో ఉపాధ్యాయులు యిళ్ళలోనే కంప్యూటరు ముందు కూర్చుని, స్లయిడ్లకు తమ గొంతు జోడించి పాఠాలు తయారుచేశారు. అందరి దగ్గరా మంచి మైకు లేదు, నిశ్శబ్దమైన గది లేదు. బడులు తెరిచినా ఆ తరహా పాఠాలు ఆగలేదు. కేంద్రం 2017లో ప్రారంభించిన దీక్షా వేదిక పాఠాలకు పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ల నుంచే వెళ్ళవచ్చు.

మాట సరిగా లేని పాఠాన్ని పక్కన పడేయనవసరం లేదు. అయితే జబ్బు తెలిస్తేనే మందు.

కుదిరే రోగాలు

మొదటిది, గొంతు మరీ చిన్నగా వుండడం. దీన్ని కంప్యూటరులో పెంచవచ్చు. గొంతుతో పాటు వెనక వున్న మోతా పెరుగుతుంది కనుక ముందు ఆ మోత తగ్గించుకోవాలి.

రెండోది, ఫ్యాను చప్పుడు. ఇది ఒకే తీరున సాగుతుంది కనుక తీసివేయడం కొంత తేలిక. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఇందుకు ఏర్పాటు వుంది. మాట లేని చోట కొద్ది సెకన్ల వట్టి చప్పుడును దానికి చూపిస్తే, ఆ చప్పుడును గుర్తుపట్టి పాఠమంతటా తగ్గిస్తుంది. అతిగా తగ్గిస్తే మాస్టారు నీళ్ళలో మునిగి మాట్లాడుతున్నట్లు వుంటుంది. కొంచెం చప్పుడు మిగిలినా ఫరవాలేదు, అక్షరం చెడకూడదు.

మూడోది, కరెంటు గుర్రుమనడం. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. వైర్ల ద్వారా ఆ మోత మైకులోకి దిగుతుంది. ఆ లోతు స్థాయి శబ్దాన్ని కోసివేస్తే మాటకు పెద్దగా నష్టం వుండదు.

కుదరని రోగాలు

గొంతు మరీ పెద్దదై మైకు తట్టుకోలేకపోతే శబ్దపు అలల తలలు తెగిపోతాయి. మాట బరబరమంటుంది. తెగిన తలను అతికించడం దాదాపు అసాధ్యం. ఖాళీ గదిలో గోడలకు కొట్టుకుని వచ్చే ప్రతిధ్వని కూడా అంతే. అది మాటలోనే కలిసిపోతుంది, విడదీయడం కష్టం. 'పదిహేడు' చివరి అక్షరాన్ని మింగేది ఎక్కువగా ఇదే.

ఈ రెండింటికీ మళ్ళీ చదవడమే మార్గం. పాఠం మొత్తం చదవనవసరం లేదు. పవర్‌పాయింటులో గొంతు ఏ స్లయిడుకు ఆ స్లయిడుకు విడిగా వుంటుంది. చెడిన స్లయిడు వరకు మళ్ళీ చదివితే చాలు. మైకు నోటికి జానెడు దూరంలో వుండాలి. గదిలో దుప్పట్లు, పరుపులు వుంటే గోడల మోత తగ్గుతుంది. ఫ్యాను ఆపాలి. మొదట 5 సెకన్లు మాట్లాడకుండా వుంటే, తర్వాత శుభ్రం చేసేటప్పుడు ఆ నిశ్శబ్దం పనికొస్తుంది.

పొదుపు చేసిన చోటే నష్టం

కొన్ని పాఠాలు రికార్డు చేసినప్పుడు బాగానే వుంటాయి. జనంలోకి వదిలేటప్పుడు చెడతాయి. సైజు తగ్గించాలని శబ్దాన్ని బాగా కుదించడమే కారణం. సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున వుంచితే నిమిషం మాటకు సుమారు 480 కిలోబైట్లు పడుతుంది. 16కు కుదిస్తే 120 సరిపోతుంది గానీ 'స', 'ష' వంటి అక్షరాల పదును పోతుంది. ఇరవై నిమిషాల పాఠంలో మిగిలేది సుమారు 7 మెగాబైట్లే. వీడియో పాఠంలో బొమ్మకయ్యే డేటాతో పోలిస్తే అది ఏపాటి?

ఇలా చెడిన పాఠానికి మందు మూల దస్త్రంలో వుంది. దాన్నుంచి మంచి నాణ్యతతో మళ్ళీ తీసి పాతదాని స్థానంలో పెట్టాలి. కుదించిన దాన్నే మళ్ళీ కుదిస్తే నీళ్ళపాలలో మరో చెంబు నీళ్ళు పోసినట్లే. అందుకని తయారుచేసిన వారు మూల దస్త్రాన్ని పదిలంగా దాచుకోవాలి. దీక్షాలో అయితే పుస్తకంలో అచ్చయిన కోడ్ మారదు, దాని వెనక వున్న పాఠాన్ని మార్చవచ్చు. పిల్లలు కొత్త పుస్తకం కోసం ఎదురుచూడనక్కరలేదు.

బాగుచేసిన పాఠాన్ని ఆఫీసులో హెడ్‌ఫోన్లతో విని సరే అనుకుంటే చాలదు. చిన్న ఫోను స్పీకరులో, నలుగురు మాట్లాడుకునే అరుగు మీద విని చూడాలి. పిల్లలు వినేది అక్కడే.

తల్లిదండ్రులూ ఒక పని చేయవచ్చు. ముందు మరో ఫోనులో విని చూడాలి. అక్కడా అలాగే వుంటే లోపం పాఠానిదే. "మాట సరిగా లేదు" అని ఊరుకోకుండా ఏ పాఠం, ఎన్నో నిమిషం, ఏ మాట తెలియలేదో చీటీ మీద రాసి బడిలో ఇవ్వాలి. "ఏడో నిమిషంలో పదిహేనో పదిహేడో తెలియడం లేదు" అని రాసి వుంటే సరిచేసేవారికి పని పదినిమిషాలది. చీటీ రాకపోతే లోపం వున్నట్లే వారికి తెలియదు. వచ్చే ఏడు పిల్లలు కూడా అదే అంకె దగ్గర ఆగిపోతారు.