సెలైన్ పెట్టడం సహాయకురాలి పని కాదు

ఇంటి దగ్గర రోగిని చూసుకునే నర్సింగ్ సహాయకురాలు స్నానం చేయిస్తుంది, తినిపిస్తుంది, లేపి నడిపిస్తుంది, డైపర్ మారుస్తుంది, బీపీ, జ్వరం చూసి రాసిపెడుతుంది, వేళకు మాత్రలు గుర్తుచేస్తుంది. విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి పటమట, కానూరు వరకు ఉన్న అపార్ట్‌మెంట్లలో, పిల్లలు అమెరికాలో స్థిరపడి పెద్దవాళ్లే మిగిలిన ఇళ్లకు ఈ పనిమంతులు ఎంతో అవసరం. అలాంటి ఇళ్లలోనే ఒక అపోహ ప్రాణాల మీదికి తెస్తోంది: నీరసంగా ఉంటే ఒక సెలైన్ ఎక్కిస్తే బలం వస్తుంది, ఆ పని ఇంట్లో ఉన్న సిస్టరే చేసేస్తుంది.

ఇందులో మొదటి మాట అబద్ధం. అర లీటరు సాధారణ సెలైన్‌లో ఉండేది నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. బలమిచ్చే పదార్థమేదీ అందులో లేదు. 5 శాతం గ్లూకోజ్ సీసా పెట్టినా అర లీటరులో ఉండేది 25 గ్రాములు, అంటే 100 కేలరీల లోపే. రెండు ఇడ్లీలు తింటే దాదాపు అంత శక్తీ వస్తుంది. వాంతులు, విరేచనాలతోనో మే నెల ఎండదెబ్బతోనో ఒంట్లో నీరు తగ్గినవాళ్లు సెలైన్ ఎక్కగానే తేరుకుంటారు. అది చూసిన జనం అన్ని నీరసాలకూ అదే మందనుకున్నారు. పెద్దవయసులో నీరసానికి రక్తహీనత, థైరాయిడ్, సోడియం తగ్గడం, గుండె బలహీనపడటం వంటి కారణాలెన్నో ఉంటాయి. గుండె, కిడ్నీలు దెబ్బతిన్నవారికి ఆ అర లీటరే ఎక్కువై, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం రావచ్చు. షుగర్ ఉన్నవారికి గ్లూకోజ్ సీసా ఏం చేస్తుందో చెప్పనక్కర్లేదు.

రెండో మాట ఇంకా ప్రమాదం. నర్సు కావాలంటే ఏఎన్ఎం 2 ఏళ్లు లేదా జీఎన్ఎం 3 ఏళ్లు లేదా బీఎస్సీ నర్సింగ్ 4 ఏళ్లు చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. సహాయకురాలి శిక్షణ కొద్ది నెలలదే. నరానికి సూది పెట్టడం, మూత్రం గొట్టం వేయడం అందులో ఉండవు. ఆ సంగతి తెలిసీ ఇంటివాళ్లు బలవంతపెడతారు. కాదంటే ఏజెన్సీకి ఫోన్ వెళ్తుందన్న భయంతో ఆమె ఒప్పుకుంటుంది. చెయ్యి వాచినా, చీము పట్టినా, ఆయాసం వచ్చినా నింద ఆమె మీదే పడుతుంది. ఇది అన్యాయం. డాక్టరు రాసిన చీటీ, రిజిస్టరైన నర్సు లేకుండా ఇంట్లో సెలైన్ పెట్టించకూడదు.

సెలైన్ ఒక్కటే కాదు, ఇంటి దగ్గర రోగిని చూసుకోవడంలో ఇంకొన్ని అపోహలూ ఉన్నాయి. గాలి పరుపు వేస్తే మనిషిని తిప్పనక్కర్లేదన్నది తప్పు. కదల్లేని రోగిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాల్సిందే. పౌడరు చల్లితే పడకపుండ్లు రావన్నదీ తప్పే. ఇరవైనాలుగు గంటల డ్యూటీ అంటే నిద్రపోకూడదని కాదు. రాత్రంతా మేల్కొన్న మనిషి పొద్దున మాత్రలు తారుమారు చేస్తుంది. రాత్రిపూట రోగి పదేపదే లేస్తుంటే రెండో మనిషిని పెట్టుకోవాలి.

ఏజెన్సీ పంపేవాళ్లకు ఏమీ రాదన్న మాటను మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేం. శిక్షణే లేనివారికి యూనిఫాం వేసి పంపే ఏజెన్సీలు ఉన్నాయి. కనుక శిక్షణ సర్టిఫికెట్ అడిగి చూడాలి. మొదటి రోజు ఇంటివాళ్లు పక్కనే ఉండి, రోగిని కూర్చోబెట్టి తినిపిస్తోందా, పడుకోబెట్టే తినిపిస్తోందా గమనించాలి. పడుకుని మింగితే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. తిన్నాక అరగంటైనా కూర్చోబెట్టి ఉంచాలి. ఆమె చేయాల్సిన పనులు, చేయకూడనివి ఏజెన్సీతో ముందే కాగితం మీద రాయించుకోవాలి. మాత్రల వేళలు, డాక్టరు నంబరు, పిల్లల నంబరు, 108 రాసి మంచం దగ్గర గోడకు అంటించాలి. ఆయాసం, మాట తడబడటం, స్పృహ తప్పడం కనిపిస్తే విదేశంలో ఉన్న కొడుకు అనుమతి కోసం ఆగకుండా ముందు 108కే ఫోన్ చేయమని ఆమెకు స్పష్టంగా చెప్పాలి.