మీకు తెలుసా? చేబ్రోలు చెంత ఎఫ్రాయీము సంతతి

చర్చిలలో ఆదివారపు బైబిలు పఠనమున వినబడు ఎఫ్రాయీము అను ఇశ్రాయేలీయుల గోత్రనామమును తమ వంశనామముగా చెప్పుకొను తెలుగువారు గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమునందలి కొత్తరెడ్డిపాలెమున ఉన్నారు. మాదిగ కుటుంబములకు చెందిన వీరు, పూర్వము క్రైస్తవులై యుండి, క్రమముగా యూదాచారముల నవలంబించి, 1991లో సినగాగును నెలకొల్పుకొని, శనివారమును విశ్రాంతిదినముగా పాటించుచు, తమను బెనే ఎఫ్రాయీము, అనగా ఎఫ్రాయీము పుత్రులు, అని పిలుచుకొనుచున్నారు. క్రీ.పూ. 722 ప్రాంతమున అస్సీరియనులు ఉత్తర ఇశ్రాయేలు రాజధానియైన షోమ్రోనును గెలిచినపుడు చెదరిపోయిన గోత్రముల సంతతి తామని వీరి విశ్వాసము; చరిత్ర దీనిని రూఢిపరుపలేదు గాని, తమ పుట్టుకను కులమునకు వెలుపల వెదకుకొనిన ఈ యత్నము నాకు కొట్టివేయదగినదిగా తోచదు.

ఇంతకును ఇశ్రాయేలీయుల మూలమే చిక్కుముడి. 1896లో ఫ్లిండర్స్ పెట్రీ తీబ్సునందు వెలికితీసిన ఐగుప్తు రాజు మెర్నెప్తా శాసనమున, క్రీ.పూ. 1208 ప్రాంతపు ఆ శిలపై, అష్కెలోను, గెజెరు పేర్ల చెంత దేశచిహ్నమును చెక్కిన లేఖకుడు, ఇశ్రాయేలు పేరు చెంతకు వచ్చుసరికి కూర్చుండిన స్త్రీపురుషుల బొమ్మను, దాని క్రింద బహువచనమునకు గుర్తుగా మూడు గీతలను చెక్కినాడు. వారిని దేశముగా గాక జనముగా ఎంచినాడన్నమాట. ఎఫ్రాయీము కొండసీమ తొలి పల్లెల కుండపెంకులను పరిశీలించిన పురావస్తువేత్తలలో పలువురు, ఆ జనము అచటి స్థానికులైన కనానీయులకు పరాయివారు కారు, దాయాదులే యనుచున్నారు.