ఆకాశంలో కరెంటు పోతే...
డోన్: కరెంటు పోయినా రైల్వే జంక్షన్‌లో సిగ్నల్ దీపాలు ఆరిపోవు. అందుకోసం స్టేషన్లలో బ్యాటరీలు ఉంచుతారు. అవి కూడా పనిచేయకపోతే రైలు పట్టాల మీద నిలబడిపోతుంది. ఆకాశంలో పోయే విమానానికి మాత్రం నిలబడే వీలు లేదు. డోన్‌కు తూర్పున ఉన్న నల్లమల కొండల మీద చిన్న విమానం పోతుండగా అందులో కరెంటు పోతే ఏమిటి గతి?

చాలా చిన్న విమానాల్లో ఇంజను ఆగిపోదు. బ్యాటరీ లేకుండానే లూనా బండి నడిచినట్లు, పెట్రోలు ఇంజనుకు మాగ్నెటోయే నిప్పురవ్వ అందిస్తుంది. ఆగిపోయేవి రేడియో, దీపాలు, దారి చూపే పరికరాలు.

లారీలో ఉన్నట్లే విమానంలోనూ ఆల్టర్నేటరు, బ్యాటరీ ఉంటాయి. ఆల్టర్నేటరు చెడిపోతే ఇక బ్యాటరీయే దిక్కు. అత్యవసరమైన పరికరాలకు అది కనీసం 30 నిమిషాలు కరెంటు ఇవ్వాలన్నది చిన్న విమానాల తయారీలో చాలాకాలంగా ఉన్న లెక్క. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం అంతలో 100 కిలోమీటర్లు పోగలదు. అందుకే పైలట్ వెంటనే అక్కరలేనివన్నీ ఆపివేసి, రేడియో ఉంచుకుని, దగ్గరలోని విమానాశ్రయం వైపు తిరగాలి. కొన్ని విమానాల్లో రెండో ఆల్టర్నేటరు, ముఖ్యమైన పరికరాలకు వేరే చిన్న బ్యాటరీ కూడా ఉంటాయి.

కొత్తరకం ఇంజన్లలో కొన్నింటికి కరెంటు లేనిదే గడవదు. 2007లో జర్మనీలోని స్పేయర్‌లో బ్యాటరీ డిశ్చార్జి అయిన ఒక చిన్న విమానాన్ని బయటి కరెంటుతో స్టార్టు చేశారు. పైకి లేచి చక్రాలు లోపలికి ముడవగానే కరెంటు చాలక రెండు ఇంజన్లూ ఆగిపోయాయి.

విమానం కూలితే జాడ తెలిపే పరికరం ఇంకొకటి ఉంది. దానికి సొంత బ్యాటరీ ఉంటుంది. గట్టి దెబ్బ తగలగానే అది తనంతట తానే 406 మెగాహెర్ట్జ్‌పై ఉపగ్రహాలకు సంకేతాలు పంపుతుంది. కనీసం 24 గంటలు పంపగలగాలి. ఆ సంకేతాలను మన దేశంలో బెంగళూరు, లక్నోలలోని కేంద్రాలు అందుకుంటాయి. అయితే మంటల్లో కాలినా, ఏంటెన్నా తెగినా అది మూగబోతుంది.

జాడ తెలియడం ఎంత ముఖ్యమో ఈ ప్రాంతానికి బాగా తెలుసు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో కూలిపోయింది. దాని కారణాలు వేరు. కానీ పావురాలగుట్టపై శకలాలు కనిపించేసరికి మర్నాడు ఉదయమైంది. అందులోని ఐదుగురూ మరణించారు.

ఎన్ని బ్యాటరీలు ఉన్నా గడువు దాటితే పనికిరావు. మన ట్రాక్టరు బ్యాటరీ దిగిపోతే పక్కవారిని పిలిచి తోయించుకోవచ్చు. నల్లమల మీద తోసేవారెవరూ ఉండరు. బ్యాటరీ పరీక్ష నేల మీదే జరగాలి.