చమురు నేలలో బాల్యం: నైజర్ డెల్టా పేదరిక నిర్మూలన పథకాలు - ఒక పరిశీలన

నైజీరియాలోని నైజర్ డెల్టాలో 1956లో ఒలోయిబిరి వద్ద వాణిజ్యస్థాయిలో చమురు బయటపడింది. ఆ ప్రాంత వికాసానికై 2000లో నైజర్ డెల్టా అభివృద్ధి సంఘం ఏర్పడింది. 2009 నాటి క్షమాభిక్ష పథకం ఆయుధాలు అప్పగించిన యువకులకు నెలకు 65,000 నైరాల భృతిని, వృత్తి శిక్షణను కల్పించింది. ఇక్కడ అర్హత పేదరికం కాదు, తుపాకి. ఆయుధం పట్టని జాలరి ఇంటి పసిబిడ్డకు అందులో చోటు లేదు.

పోనీ, భృతి అందిన ఇంటి బిడ్డ మాటేమిటి? శిశువికాసానికి ఆహారం, చదువు ఎంత అవసరమో మంచినీరూ అంతే అవసరం. ఒగోనీ ప్రాంతంపై ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2011లో వెలువరించిన నివేదిక, ఒగాలెలో తాగే బావినీటిలో బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితికి 900 రెట్లకు పైగా ఉన్నట్లు తేల్చింది. 2019లో బ్రూడెర్లె, హోడ్లర్ మరింత లోతుకు వెళ్లారు. గర్భధారణకు ముందే సమీపంలో చమురు ఒలికితే, నవజాత శిశుమరణాలు ప్రతి 1,000 జననాలకు సుమారు 38 పెరిగినట్లు వారు నిరూపించారు. పోల్చినది ఒకే తల్లి బిడ్డలను; కనుక ఈ తేడాను కుటుంబ పేదరికానికి అంటగట్టడం కష్టం.

అంటే బిడ్డ కడుపున పడకముందే హాని మొదలవుతోంది. నగదు, శిక్షణ, బడి భవనం ఆ తరువాతి మాటలు.

2021 నాటి పెట్రోలియం పరిశ్రమ చట్టం చమురు సంస్థల వార్షిక నిర్వహణ వ్యయంలో 3 శాతాన్ని స్థానిక సముదాయాల నిధికి కేటాయించింది. అయితే ఆ సముదాయంలో విధ్వంసం వల్ల చమురు సదుపాయాలకు నష్టం జరిగితే, మరమ్మతు ఖర్చును ఆ నిధి నుండే మినహాయిస్తారు. గొట్టాన్ని పగలగొట్టినవాడు ఎవడైనా, తరిగేది ఊరి పిల్లలందరి వాటా.