పచ్చబడుచున్న మంచునేల

ఉత్తరధ్రువమును వలయాకారముగ చుట్టుకొని, అడవులు ఆగిపోయిన యెల్లనుండి గడ్డకట్టిన సముద్రతీరము వఱకు వ్యాపించియున్న టండ్రా భూములలో నిలువెత్తు వృక్షము నొకదానిని చూడవలెనన్నను దొరకదు. మోకాలు మించని పొదలు, గడ్డిదుబ్బులు, వాని నడుమ మెత్తగ పఱచుకొన్న నాచు, రాళ్ళకు పట్టిన లైకెన్లు, ఇంతియే ఆ సీమ యొక్క సస్యసంపద. ఇంత దీనమైన పచ్చదనమును గూర్చి శాస్త్రజ్ఞులు అర్ధశతాబ్దికాలముగ ఇంత శ్రద్ధ వహించుచుండుటకు కారణము ఆ నేల యడుగున నున్నది. వేలకొలది సంవత్సరములుగా పెరిగి, వాడి, నేలరాలిన మొక్కల అవశేషములు అచ్చటి శైత్యమునకు కుళ్ళుటకు వీలులేక మట్టితో పాటు గడ్డకట్టి నిలిచిపోయినవి. ఇట్లు నిత్యఘనీభూతమైన ఉత్తరదేశపు నేలలన్నిటిని కలిపి లెక్కించినచో వానిలో దాగియున్న కర్బనము 1,46,000 కోట్ల నుండి 1,60,000 కోట్ల టన్నుల వఱకు ఉండునని అంచనా. అనగా నేడు వాతావరణమంతటను బొగ్గుపులుసు వాయువు రూపమున నున్న కర్బనమునకు ఇది సుమారు రెండింతలు.

ఆ ధ్రువప్రాంతము 1979 నుండి భూగోళపు సగటుకంటె దాదాపు నాలుగురెట్ల వేగముతో వేడెక్కుచున్నది. వేడి పెరిగినకొలది మొక్కలు ఏపుగా పెరిగి, వాయుమండలమునుండి బొగ్గుపులుసు వాయువును మునుపటికంటె అధికముగ గ్రహించుననుట సహజము. అదే వేడికి మట్టిలోని సూక్ష్మజీవులు మేలుకొని, తరతరములుగ నిలువయున్న జీర్ణపదార్థమును భుజించి, ఆ వాయువునే మరల వెలువరించుననుటయు అంతే సహజము. ఈ రాకపోకలలో నేది మించునో, ఆ మించుటను నిర్ణయించునది యేదో తెలిసికొనుటకు ఉపగ్రహము తీసిన ఛాయాచిత్రములో పచ్చదనము పెరిగినదని చూచి సంతృప్తిపడిన చాలదు. మొక్క యొక్క స్వభావమును, దాని వేరు తాకిన మట్టి యొక్క స్వభావమును ఒకచో నుంచి పరీక్షింపవలసియున్నది.

అట్టి పరీక్షలకు చిరకాలముగ ఆటపట్టైన స్థలము అలాస్కాలో నున్నది. బ్రూక్స్ పర్వతశ్రేణికి ఉత్తరముగ, చమురు గొట్టమును వేయుటకై 1974లో నిర్మించిన రహదారికి చేరువనే టూలిక్ అను సరస్సు కలదు. దాని యొడ్డున 1975లో నెలకొన్న పరిశోధనా కేంద్రమును అలాస్కా విశ్వవిద్యాలయమువారు నిర్వహించుచున్నారు. సరస్సు చుట్టును కనుచూపుమేర దుబ్బులు దుబ్బులుగ పెరిగి, వేసవిలో తెల్లని పట్టుకుచ్చులవంటి పూగుత్తులను తలయెత్తి నిలుపు గడ్డి యొకటి కనబడును. దీనిని పత్తిగడ్డి యందురు. ఒక్కొక్క దుబ్బు నూఱేండ్లు దాటియు జీవించును. దీని మితవ్యయమును తఱచి చూచినకొలది ఆశ్చర్యము కలుగకమానదు. పాత యాకు వాడుటకు ముందే అందలి నత్రజనిని, భాస్వరమును వెనుకకు తీసికొని క్రొత్త యాకునకు సమకూర్చును. వేసవిలో మంచు పైనుండి క్రమముగ కరగుచుండగా, ఆ కరగుదలను వెన్నంటి ప్రతిసంవత్సరము క్రొత్తవేళ్ళను దించి, గడ్డకట్టిన పొర యంచువఱకు పోవును. ఆ వేళ్ళు ఏడాది తిరుగకమునుపే నశించును. మట్టిలోని సేంద్రియపదార్థము పూర్తిగ విచ్ఛిన్నమై లవణములుగ మాఱువఱకు వేచియుండక, అమినో ఆమ్లముల రూపముననే నత్రజనిని ఈ గడ్డి పీల్చుకొనగలదని టెరీ చాపిన్ మున్నగువారు 1993లో నిరూపించిరి. పేదనేలలో బ్రతుకునేర్చిన మొక్క కిట్టి నేర్పు అబ్బుట వింతగాదు.

ఆ దుబ్బుల నడుమనే మఱియొక మొక్క అణగిమణగి యుండును: మరుగుజ్జు భూర్జము. మన పూర్వులు గ్రంథలేఖనమునకు వాడిన భూర్జపత్రమునిచ్చు హిమాలయవృక్షమునకు ఇది సగోత్రమే యైనను, టండ్రాలో నేలనంటి ప్రాకు చిన్నపొదగా మాత్రమే పెరుగును. దీని నడవడి వేఱు. పోషకము దొరకనంతకాలము ఓర్చుకొని యుండును. దొరకిన మఱుక్షణము నిద్రాణములైన మొగ్గలను విప్పి, కొమ్మలపై కొమ్మలు వేసి, పలుచని వెడల్పాటి యాకులను పఱచి, ప్రక్కనున్న గడ్డికి ఎండ సోకకుండ చేయును. ఆకు మందమా పలుచనా, దాని యాయువు కొన్ని వారములా కొన్ని యేండ్లా, అందు నత్రజని యెంత, మొక్క యెత్తెంత, కాండములో కట్టె యెంత అనునట్టి లక్షణములను శాస్త్రజ్ఞులు నేడు శ్రద్ధతో కొలిచి పట్టికలు వ్రాయుచున్నారు. ఇయన్ రైట్ మున్నగువారు భూమండలమందలి 175 స్థలములనుండి 2,500 పైచిలుకు జాతుల పత్రములను పోల్చి 2004లో ప్రకటించిన దానినిబట్టి, ఈ లక్షణములు యథేచ్ఛగ కలసియుండక ఒకే వరుసలో నిలుచునని తెలిసినది: ఒక కొసన చవుకగ కట్టుకొని, వేగముగ సంపాదించి, త్వరగా రాల్చివేయు పలుచని యాకులు, మఱొక కొసన చాల వెచ్చించి నిర్మించి, నెమ్మదిగ సంపాదించుచు, చిరకాలము నిలుపుకొను దళసరి యాకులు. టండ్రా వేడెక్కినపుడు ఈ వరుసలో నేకొసవైపు మొగ్గునో అది ఆ నేల యొక్క కర్బన వ్యవహారమునకు మూలసూత్రమగుచున్నది.

ఆ వ్యవహారమును కొలుచు విధానము మిక్కిలి సరళము. పారదర్శకమైన పెట్టె నొకదానిని మొక్కలపై బోర్లించి, దుబ్బుల మిట్టపల్లములగుండ గాలి చొరకుండ దాని యంచునకు కుట్టిన ప్లాస్టిక్ కుచ్చెళ్ళపై బరువైన గొలుసును వేసి బిగింతురు. లోపలి గాలిలోని బొగ్గుపులుసు వాయువును పరారుణకిరణముల సాయమున లెక్కించు యంత్రము క్షణక్షణమునకు అంకెలను చూపును. ఎండలో ఆ యంకె తగ్గుచున్నచో నేల మొత్తముమీద గ్రహించుచున్నదని యర్థము. పిమ్మట పెట్టెపై నల్లనిగుడ్డ కప్పుదురు. కిరణజన్య సంయోగక్రియ ఆగిపోవును, మొక్కలు సూక్ష్మజీవులు కలిసి విడుచు శ్వాస మాత్రము మిగులును, అంకె పైకి లేచును. ఈ రెంటి భేదమే మొక్కలు నిజముగ గ్రహించిన మొత్తము. గేయస్ షేవర్ మున్నగువారు టూలిక్‌లోను, స్వీడన్ దేశపు అబిస్కోలోను వేర్వేఱు జాతులు పెరుగు స్థలములలో ఇట్లే కొలిచి 2007లో ప్రకటించిన ఫలితము చూడగా, జాతి యేదైనను సరే, పత్రవిస్తారము, వెలుతురు, ఉష్ణోగ్రత తెలిసినచో ఈ వాయువినిమయపు భేదములలో సుమారు 80 శాతమును ఊహింపవచ్చునని తేలినది. ప్రకృతిలో నింతటి క్రమము దొరకుట అరుదు.

అయినను ఒక మధ్యాహ్నపు లెక్క వేఱు, ఇరువదియేండ్ల లెక్క వేఱు. టూలిక్ సమీపమున 1981లో కొన్ని మళ్ళకు ప్రతివర్షము నత్రజని, భాస్వరముల యెరువు వేయుట ప్రారంభించిరి. టండ్రా మొక్కలకు లోపించునవి ఆ రెండే గనుక, భవిష్యత్తులో వేడికి మట్టి చివికి పోషకములు విడుదలయగుటను ఈ యెరువు ముందుగనే అభినయించునని వారి యూహ. భూర్జపుపొద విజృంభించినది, పత్తిగడ్డి క్షీణించినది, నేలపైని వార్షికోత్పత్తి రెండింతలైనది. చూచువారికి ఆ మళ్ళు వృద్ధికి నిదర్శనములుగనే తోచియుండును. కాని మిషెల్ మాక్ మున్నగువారు మట్టిని లోతువఱకు త్రవ్వి పొరపొరయు లెక్కించి 2004లో వెల్లడించిన విషయము దీనికి విరుద్ధముగ నున్నది: ఇరువదియేండ్లలో ఆ మళ్ళు చదరపు మీటరునకు దాదాపు 2,000 గ్రాముల కర్బనమును కోల్పోయినవి. గాదెలో పైనుండి గింజలు పోయుచు పొంగిపోవు గృహస్థుడు అడుగున పడిన కంతను గమనింపనట్లు, పైని పొదను మాత్రమే చూచినవారికి లోతుమట్టి నుండి జారిపోవుచున్నది కనబడలేదు. పచ్చదనమును సంపదగ భావించు మన చిరకాలపు అలవాటును ఇంత స్పష్టముగ ప్రశ్నించిన ప్రయోగము మఱియొకటి నాకు తోచదు.

ఐనను ఇంతటితో తీర్పు చెప్పివేయుట తొందరపాటగును. అదే ప్రాంతమున 1989 నుండి వేసవిలో పారదర్శకమైన కప్పులు నిలిపి, ఎరువు వేయక గాలిని మాత్రము వేడెక్కించిన మళ్ళ ఫలితము 2013లో వెలువడినది. అచ్చటను పొదలు పెరిగినవి, కట్టె పెరిగినది. కాని మట్టిలోని మొత్తము కర్బనము తఱుగలేదు. పైపొరలో జీర్ణక్రియ మందగించినది. లోపలి పొరలో మాత్రము సూక్ష్మజీవుల సంచలనము హెచ్చినది. ఎరువుచే కలిగిన మార్పును, వేడిచే కలిగిన మార్పును ఒకటిగ నెంచరాదని, ఒకే పొద రెండు తావులలో రెండు విధముల వ్యవహరింపగలదని దీనివలన బోధపడుచున్నది.

ఈ భేదమునకు హేతువులు మొక్క యొక్క లక్షణములలోనే కొంతవఱకు గోచరించును. పొద యెత్తు పెరిగినచో చలికాలమున గాలికి కొట్టుకొనిపోవు మంచు దాని కొమ్మల నడుమ చిక్కుకొని మందముగ పేరుకొనును. ఆ మంచు కంబళివలె నేలను కప్పుటచే మట్టి వెచ్చనై, చలికాలమందును సూక్ష్మజీవులు పనిచేసి పోషకములను సమకూర్చగా, ఆ పోషకములతో పొద మఱింత పెరుగును. వేసవిలో మాత్ర మిదే పొద నీడనిచ్చి నేలను చల్లబఱచును. ఈశాన్య సైబీరియాలో మరుగుజ్జు భూర్జమును కోసివేసిన మళ్ళలో వేసవిచివర కరగిన పొర సగటున 9 శాతము లోతు పెరిగినదని 2010లో ప్రకటింపబడినది. ఇక రాలిన యాకుల మాట: సారా హాబీ 1996లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, గడ్డిజాతుల యాకులు త్వరగా చివుకును, పొదల యాకులు, అంతకంటెను వాని కట్టె, నాచు మిక్కిలి నెమ్మదిగ చివుకును. ఒక జాతికి మఱొక జాతికి గల ఈ యంతరము ఉష్ణోగ్రతాభేదముచే కలుగు అంతరమునకు తీసిపోదు. కావున ఏ మొక్క పెరిగినదను ప్రశ్న ఎంత పెరిగినదను ప్రశ్నతో సమానమైన ప్రాముఖ్యము గలది. బొగ్గుపులుసు వాయువే యధికమైనచో మొక్కలు చిరకాలము లాభపడుననుటయు ఈ నేలలో చెల్లదు. 1980 దశకమున టూలిక్‌లో ఆ వాయువును రెండింతలు చేసి చూచినపుడు మొదట కలిగిన వృద్ధి మూడేండ్లలోనే అణగిపోయినది. పోషకములు లేనిచో వాయుసమృద్ధి యేమి చేయగలదు?

ఒక్క అలాస్కాను చూచి ధ్రువమంతటికి వర్తింపజేయుట న్యాయముగాదని గ్రహించి, 1990లో పలుదేశముల శాస్త్రజ్ఞులు కూడి ఒక అంతర్జాతీయ టండ్రా ప్రయోగమును నెలకొల్పిరి. షట్కోణాకారమున కప్పులేని పారదర్శకపు కోష్ఠములను నేలపై నిలుపుట, అందు చిక్కిన యెండవేడిమిచే మొక్కలు ఒకటి రెండు డిగ్రీల వెచ్చదనమును అనుభవించునట్లు చేయుట, అందఱు నొకే పద్ధతిని అనుసరించుట దీని ప్రణాళిక. ఆన్ బ్యోర్క్‌మన్ మున్నగువారు టండ్రాలోని 117 స్థలములలో మూడు దశాబ్దముల మార్పును పరిశీలించి 2018లో తెలిపినదేమన, అన్ని లక్షణములలో మొక్కల యెత్తు మాత్రమే వడివడిగ పెరుగుచున్నది. పొట్టివి నశించుటవలన గాక పొడవైనవి వచ్చి చేరుటవలన ఇట్లగుచున్నది. ఆకుల లక్షణములు అంత త్వరగ మాఱలేదు. వాని మార్పు నేలలోని తేమపై నాధారపడియున్నది. పిమ్మట 2024లో 28 స్థలములందలి 56 ప్రయోగములను సమీకరించి చూచినవారికి, గాలి 1.4 డిగ్రీలు, మట్టి 0.4 డిగ్రీలు మాత్రమే వేడెక్కినను, పెరుగుదల ఋతువులో మొక్కలు, సూక్ష్మజీవులు విడుచు శ్వాస సగటున 30 శాతము హెచ్చినట్లు కనబడినది. ఈ హెచ్చు ఇరువదియైదేండ్లు గడచినను సమసిపోలేదు.

ఇన్ని ప్రయోగములలోను చిరకాలము ఉపేక్షింపబడినది శీతకాలము. పరిశోధకులు వేసవిలో వచ్చి, పెట్టెలు బోర్లించి, ఆకులు కొలిచి, సెప్టెంబరులో మరలిపోవుదురు. మట్టి మాత్రము వారు వెడలిన పిదపను శ్వాసించుచునే యుండును. శతాధికస్థలముల కొలతలను ఒకచోట చేర్చి 2019లో ప్రకటించిన అంచనా ప్రకారము, అక్టోబరు నుండి ఏప్రిలు వఱకు గల కాలమున ఈ ఘనీభూతప్రాంతము ఏటేట సుమారు 166 కోట్ల టన్నుల కర్బనమును వెలువరించుచుండగా, పెరుగుదల ఋతువులో గ్రహించునది 103 కోట్ల టన్నులు మాత్రమే. అలాస్కాలోనే హీలీ అను గ్రామమునకు సమీపమున టెడ్ షూర్ మున్నగువారు 2008 నుండి ప్రతి శీతకాలమున కంచెలు నిలిపి, వాని చాటున మంచును మందముగ పేర్చి, నేలను వెచ్చబఱచుచున్నారు; వసంతము రాగానే, కరగుట ఆలస్యమై మొక్కల వేసవి కుఱుచగాకుండ, ఆ యధికమైన మంచును పారలతో తీసివేయుదురు. ఆ కష్టమంతయు ఒక్క శీతకాలపు ప్రభావమును వేసవి ప్రభావమునుండి వేఱుచేసి చూచుటకే. అట్లు వెచ్చబడిన నేల లోతుగ కరగినది. వేసవిలో మొక్కలును అధికముగ పెరిగినవి. మఱి మంచు క్రింద చీఁకటిలో, ఒక్క యాకైనను పనిచేయని నెలలలో, ఆ నేల విడుచు శ్వాసయు పెరిగినది.