అనుభవించు... అమ్ముకోకు!

ముత్తుకూరు వైపు పొలం బేరం కుదిరితే కొనేవాళ్లు ముందుగా అడిగే మాట... 'ఆడవాళ్ల సంతకాలు ఉన్నాయా?' అని. 2008లో కృష్ణపట్నం పోర్టు మొదలై భూముల ధరలు పెరిగాక ఆ సంతకాల విలువా పెరిగింది. ఆ విలువ వెనక, పక్కనే ఉన్న నెల్లూరు కోర్టులో మొదలైన ఓ వితంతువు పోరాటమూ ఉంది.

ఆమె పేరు తులసమ్మ. 1931లో భర్త పోయాడు. ఉమ్మడి ఆస్తి భర్త సవతి సోదరుడు శేషారెడ్డి చేతిలో ఉంది. మనోవర్తి కోసం 1944లో ఆమె నెల్లూరు మున్సిఫ్ కోర్టుకెక్కింది. గెలిచింది. 1949లో రాజీ కుదిరింది. కొంత ఆస్తి ఆమెకిచ్చారు. షరతు ఒక్కటే... బతికున్నంతకాలం అనుభవించవచ్చు, అమ్మడానికి మాత్రం వీల్లేదు!

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. స్త్రీ చేతిలో ఉన్న ఆస్తికి ఆమే పూర్తి యజమాని అంది. ఆ ధీమాతో తులసమ్మ 1960లో కొంత ఆస్తి కౌలుకిచ్చింది, 1961లో కొంత అమ్మింది. 'రాజీపత్రం సంగతేంటి?' అంటూ శేషారెడ్డి దావా వేశాడు.

మున్సిఫ్ కోర్టులో ఆమె ఓడింది. జిల్లా కోర్టులో గెలిచింది. హైకోర్టులో మళ్లీ ఓడింది. చివరికి 1977 మార్చి 17న సుప్రీంకోర్టు ఆమె పక్షాన నిలిచింది. మనోవర్తి ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, రాజీకి ముందునుంచే ఆమెకున్న హక్కు. ఆ హక్కు కింద దక్కిన ఆస్తికి పాత షరతు అడ్డురాదని తేల్చింది. మనోవర్తి ఆస్తుల వివాదాల్లో నేటికీ కోర్టులు ఈ తీర్పునే ఉదహరిస్తాయి.

ఆ తర్వాత కూతుళ్ల వంతు. అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. 2005లో దేశమంతటా, పెళ్లయినవారికి కూడా ఆ హక్కు దక్కింది. ఆనాటికి తండ్రి జీవించి ఉండకపోయినా ఫర్వాలేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అలాగని ప్రతి షరతూ చెల్లదనుకోకూడదు. ఏ హక్కూ లేనివారికి వీలునామాతోనో దానపత్రంతోనో కొత్తగా ఇచ్చిన ఆస్తికి పెట్టిన షరతులు నిలుస్తాయి. అందుకే ట్రంకుపెట్టెలోని పాత కాగితంలో 'అనుభవించు... అమ్ముకోకు' అని కనిపిస్తే, ఆ ఆస్తి అమ్మమ్మకో అత్తమ్మకో ఏ హక్కు కింద దక్కిందో లాయరునడిగి తెలుసుకోవాలి. సంతకం ఆ తర్వాతే!